సిలికోన్ కలిసిన క్రీములు, సీరమ్‌లు: డబ్బు పెట్టదగ్గవి ఏవి, వదిలెయ్యదగ్గవి ఏవి

నెల్లూరు చిన్నబజారులోనో, ఒంగోలు ట్రంకు రోడ్డులోనో ఫ్యాన్సీ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: "అన్నా, ఇందులో సిలికోన్ లేదు కదా?" షాపతను వెనక అరలోంచి "సిలికోన్ ఫ్రీ" అని పెద్దక్షరాలతో రాసి ఉన్న సీసా తీసి ముందు పెడతాడు. సిలికోన్ చర్మానికి చెడు చేస్తుందన్న భయమే దీనికి కారణం. ధర కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువ డబ్బు చర్మానికి ఏ మేలూ చెయ్యదని మా అభిప్రాయం. అలాగని సిలికోన్ ఉన్నవన్నీ కొనదగ్గవీ కావు. రెండు రకాలు పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తాయి. ఒక రకం మాత్రం చాలామందికి అసలు అవసరమే లేదు.

ఇక్కడ బ్రాండ్ల పేర్లు పట్టుకుని మార్కులు వెయ్యడం లేదు. ఒకే పేరుతో, ఒకే రంగు డబ్బాలో ఉన్న క్రీములో కూడా కంపెనీలు దినుసులు మారుస్తుంటాయి. వెనక ఉన్న జాబితా చదవడం వస్తే ఏ బ్రాండైనా తేల్చుకోవచ్చు. అందుకని మన దగ్గర దొరికే ఐదు రకాలను తీసుకున్నాం: మచ్చలకి రాసే జెల్, చేతుల క్రీము, జుట్టు సీరమ్, జెల్ సన్‌స్క్రీన్, ఫౌండేషన్ కింద పూసే మేకప్ ప్రైమర్.

ముందు అసలు వస్తువు సంగతి. సిలికోన్ అనగానే ప్లాస్టిక్ అనుకుంటారు గానీ దాని మూలం సిలికా. చిల్లకూరు, కోట వైపు తవ్వి లారీలకెత్తే తెల్లటి ఇసుక సిలికానే. అది ఎక్కువగా గాజు తయారీకి పోతుంది. రాయి రూపంలో దొరికే సిలికాని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాలిస్తే సిలికాన్ అనే మూలకం వస్తుంది. దాన్ని రాగి సాయంతో మిథైల్ క్లోరైడ్‌తో కలిపి, వచ్చినదాన్ని నీళ్లతో చర్య జరిపిస్తే సిలికోన్ తయారవుతుంది. ఈ పద్ధతి 1940 నాటిది. ఇసుక, మూలకం, క్రీములో కలిసేది, ఈ మూడూ వేరు వేరు వస్తువులు. పెదాల రంగుల్లో, ఐషాడోల్లో తళుకు కోసం వేసేది ఇంకొకటి, అభ్రకం. గూడూరు, సైదాపురం గనుల వల్ల మనవాళ్లకి బాగా తెలిసిన ఖనిజమే, దానికీ సిలికోన్‌కీ సంబంధం లేదు.

సిలికోన్ చర్మం మీద ఏం చేస్తుందో చూడాలంటే చేతి వెనక ఒక చుక్క జుట్టు సీరమ్ వేసి వేలితో రుద్దండి. మొదట నూనెలాగే జారుతుంది. అర నిమిషానికి జిడ్డు పోయి, టాల్కం పౌడర్ అద్దినట్టు పొడిగా, నున్నగా అవుతుంది. ఇప్పుడు దాని మీద ఒక నీటి బొట్టు వెయ్యండి. తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలుస్తుంది. సిలికోన్ చేసే పని అంతే: పల్చటి పొరగా పరుచుకుని, బయటి నీటిని లోపలికి రానివ్వకుండా, లోపలి తేమ త్వరగా ఆరిపోకుండా చూస్తుంది. క్రీముల్లో ఎక్కువగా వాడే సిలికోన్ పేరు డైమెథికోన్. దాని అణువులు పెద్దవి, చర్మంలోకి ఇంకవు. రంధ్రాలు మూసేసి మొటిమలు తెప్పించే గుణం డైమెథికోన్‌కి లేదు. చర్మానికి ఊపిరాడదు అంటారు గానీ, సిలికోన్ పొరలోంచి గాలీ నీటి ఆవిరీ దాటతాయి. కాంటాక్ట్ లెన్సులు సిలికోన్ హైడ్రోజెల్‌తో చేసేది కంటికి ఆక్సిజన్ అందడం కోసమే. పెట్రోలియం జెల్లీ తేమని ఆపినంత గట్టిగా సిలికోన్ ఆపదు. నెల్లూరు ఉక్కపోతలో అది మంచి గుణమే. కనిగిరి, గిద్దలూరు వైపు చలికాలపు పొడిగాలికి మడమలు పగిలితే మాత్రం సిలికోన్ ఒక్కటి చాలదు, అక్కడ పెట్రోలియం జెల్లీదే పైచెయ్యి.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. సిలికోన్ చర్మానికి మేత కాదు. తేమ ఇవ్వదు, ఉన్న తేమని కాస్తుంది. పొడిబారిన చర్మం మీద నేరుగా రాస్తే ఆ పొడితనాన్నే కాపు కాస్తుంది. అందుకే క్రీము కొనేటప్పుడు డైమెథికోన్‌తో పాటు గ్లిజరిన్ ఉందా అని చూడాలి. గ్లిజరిన్ నీళ్లు పట్టి ఉంచుతుంది, సిలికోన్ ఆ నీళ్లని పోనివ్వదు. స్నానం చేసిన 3 నిమిషాల్లోపు, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాస్తే ఈ జంట బాగా పనిచేస్తుంది. ఒళ్లంతా ఆరి, ఫ్యాన్ కింద కూర్చుని రాసుకుంటే సగం ఫలితమే.

జాబితాలో పేర్లు గుర్తుపట్టడం కష్టం కాదు. చివర "కోన్", "కోనాల్", "సిలాక్సేన్" అని వచ్చేవన్నీ ఈ కుటుంబమే: డైమెథికోన్, డైమెథికోనాల్, అమోడైమెథికోన్, సైక్లోపెంటాసిలాక్సేన్. ముందు "పెగ్" అని, పక్కన పెద్ద అంకె ఉంటే, పెగ్-12 డైమెథికోన్ లాంటిది, నీళ్లతో సులువుగా పోతుంది. మన దేశంలో 1 శాతం దాటిన దినుసులని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. 1 శాతం లోపువి ఎలాగైనా రాసుకోవచ్చు. అంటే డైమెథికోన్ మొదటి నాలుగైదు పేర్లలో ఉంటే గట్టి పాళ్లలో ఉన్నట్టు, సువాసన తర్వాత ఎక్కడో ఉంటే చేతికి నున్నగా తగలడానికి వేసిన చిటికెడే. చిన్న ప్యాకెట్ల మీద, బుల్లి సీసాల మీద జాబితా లేకపోవచ్చు. అప్పుడు అదే రకం పెద్ద సైజు డబ్బా అడిగి చదవండి.

సైక్లోపెంటాసిలాక్సేన్ గురించి విడిగా రెండు మాటలు. దీన్ని డి5 అంటారు. సీరమ్ రాయగానే జారుడుగా ఉండి, కాసేపట్లో ఆవిరైపోయేది ఇదే. యూరప్‌లో దీన్ని కట్టడి చేశారన్న వార్త చూసి చర్మానికి విషమని చాలామంది భయపడ్డారు. కట్టడి నిజమే. షాంపూలాంటి కడిగేసే వస్తువుల్లో డి5, దాని చుట్టమైన డి4 (సైక్లోటెట్రాసిలాక్సేన్) రెండూ 0.1 శాతానికి మించకూడదని 2020 జనవరి 31 నుంచి అమల్లో ఉంది. తర్వాత రాసుకుని ఉంచుకునే క్రీములకీ, అదే కోవకి చెందిన డి6కీ ఆ పరిమితి పెట్టారు. ఉంచుకునేవాటికి గడువు 2027 జూన్ 6. డి5కి ఈ కట్టడి పెట్టడానికి కారణం అది రాసుకున్నవాళ్ల చర్మం పాడవుతుందని కాదు. నీళ్లలోకి చేరితే త్వరగా విరిగిపోదు, చేపల్లాంటి జీవుల్లో పేరుకునే గుణం ఉంది. డి4 సంగతి వేరు, సంతాన సామర్థ్యం మీద అనుమానం ఉన్న రసాయనంగా దాన్ని అక్కడ వర్గీకరించారు, సౌందర్య సాధనాల్లో నేరుగా వాడనివ్వరు. జాబితాలో సైక్లోటెట్రాసిలాక్సేన్ కనిపిస్తే ఆ సీసా వదిలెయ్యండి. పెన్నా నీళ్లు, పులికాట్ రొయ్యలు మన కంచంలోకే వస్తాయి కాబట్టి డి5 లేనిది దొరికితే దాన్నే ఎంచుకోవడం మంచిదని మా మాట. డైమెథికోన్‌కి ఈ గొడవ లేదు.

సిలికోన్ అని భయపడి, పక్క అరలో పేరూ ఊరూ లేని "తెల్లబడే" క్రీము కొనేవాళ్లని చూస్తే బాధ కలుగుతుంది. స్టెరాయిడ్ కలిపిన క్రీములు నెలలు రాస్తే మొహం పల్చబడి ఎర్రబడుతుంది, మొటిమలు వస్తాయి, రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. పాదరసం కలిసినవి కిడ్నీల దాకా పోతాయి. మన షాపుల్లో భయపడాల్సింది వాటికి. తయారీ లైసెన్సు నంబరు, కంపెనీ చిరునామా, వాడాల్సిన గడువు లేని ఏ డబ్బానీ ఇంటికి తేవద్దు.

ఇక ఒక్కో రకం. అన్నిటికంటే పైన పెట్టేది మచ్చల సిలికోన్ జెల్. ఇది ఫ్యాన్సీ షాపులో కాదు, మెడికల్ షాపులో దొరుకుతుంది. సిజేరియన్ కోత, థైరాయిడ్ ఆపరేషన్ గాటు, బండి సైలెన్సర్ కాలిన మచ్చ, చెవి కుట్టిన చోట గడ్డలా పెరిగేది, ఇలా పైకి ఉబ్బే మచ్చలకి ఇది పనికొస్తుంది. కాలిన మచ్చల మీద సిలికోన్ పట్టీలు 1980ల మొదటి నుంచి వాడుకలో ఉన్నాయి. మానుతున్న చర్మంలోంచి తేమ ఎక్కువగా పోతుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కింద కొల్లాజెన్ అనే ప్రోటీను అవసరానికి మించి పేరుకుని మచ్చ ఉబ్బుతుంది. పైన సిలికోన్ పొర ఉంటే తేమ నిలిచి ఆ హడావుడి తగ్గుతుందని వైద్యుల వివరణ.

కుట్లు విప్పి, పక్కు రాలి, గాయం పూర్తిగా మూసుకున్న తర్వాతే మొదలుపెట్టాలి. సాధారణంగా రెండు వారాలు పడుతుంది. పచ్చి గాయం మీద రాయకూడదు. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడిచి, కనపడీ కనపడనంత పల్చగా రోజుకి 2 సార్లు రాయాలి. 4, 5 నిమిషాలకి ఆరిపోవాలి. ఆరలేదంటే ఎక్కువ వేసినట్టు. మెత్తటి బట్టతో పైది తుడిచెయ్యండి, లేకపోతే చీరకో జాకెట్టుకో అంటుకుని మచ్చ మీద ఏమీ మిగలదు. వేలెడు పొడవు కోతకి పల్చగా రాస్తే 15 గ్రాముల ట్యూబు రెండు నెలలైనా వస్తుంది. నెలకే అయిపోతోందంటే మందంగా పూస్తున్నారన్నమాట. పట్టీ రకమైతే రోజుకి కనీసం 12 గంటలు ఉండాలి. మొదటి రెండు రోజులు 4 గంటలతో మొదలుపెట్టి పెంచండి. రోహిణి కార్తె ఎండల్లో పట్టీ కింద చెమటకాయలు లేస్తాయి. అప్పుడు తీసి, చర్మాన్ని ఒకరోజు ఆరనిచ్చి, పట్టీని మెత్తని సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ వెయ్యండి. ఎండాకాలం మన దగ్గర పట్టీ కంటే జెల్ నయం. పట్టీని రాత్రిళ్లు వేసుకోవచ్చు.

తక్కువలో తక్కువ 2, 3 నెలలు వదలకుండా వాడితేనే తేడా. మూడు వారాలకి విసుగొచ్చి మానేసి "పనిచెయ్యలేదు" అనేవాళ్లే ఎక్కువ. తగ్గేది ఉబ్బు, ఎరుపు, దురద. మొటిమల గుంటలు పూడవు, నల్లమచ్చ తెల్లబడదు, పదేళ్ల నాటి తెల్లని గీత మాయమవదు. ఇప్పటికే ఉసిరికాయంత పెరిగిన కీలాయిడ్‌కి (గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే మచ్చకి) చర్మ డాక్టరు ఇంజెక్షన్లు కావాలి, జెల్ వాటికి తోడు మాత్రమే. మచ్చ ఎండకి తగిలే చోట ఉంటే జెల్ ఆరాక పైన సన్‌స్క్రీన్ రాయాలి, లేకపోతే నల్లబడి ఉండిపోతుంది.

రెండో స్థానం చేతుల క్రీముది. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో దీని అవసరం మొహం క్రీముల కంటే ఎక్కువ. రొయ్యల షెడ్లలో ఐసు నీళ్లలో గంటల తరబడి రొయ్య ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూడండి. కొనలు తెల్లగా నాని, ముడతలు పడి, గోళ్ల పక్కన చీలికలొస్తాయి. అంట్లు తోమే వాళ్లకీ, హోటల్ వంటవాళ్లకీ ఇదే బాధ. ఇక్కడ సిలికోన్ చేసే పని ఏ కొబ్బరినూనే చెయ్యలేదు, నూనె రెండు కడుగుళ్లకి పోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డైమెథికోన్‌ని 1 నుంచి 30 శాతం వరకు చర్మ రక్షణ మందుగానే గుర్తించింది. కాబట్టి డైమెథికోన్ మొదటి నాలుగు పేర్లలో ఉండి, గ్లిజరిన్ కూడా ఉన్న క్రీము తీసుకోండి. సువాసన లేనిదైతే మరీ మంచిది, చీలిన చేతికి సువాసన మండుతుంది.

పనికి ముందు చేతులు కడిగి, వేళ్ల సందుల్లో కూడా తడి లేకుండా తుడవాలి. రెండు చేతులకి కలిపి అర టీస్పూను చాలు. గోళ్ల అంచులు, వేళ్ల సందులు మర్చిపోతారు, చీలేది అక్కడే. 5 నిమిషాలు ఆగి గ్లౌజు వెయ్యాలి. పెట్రోలియం జెల్లీ, నూనె రబ్బరు గ్లౌజుని మెత్తబరిచి చింపేస్తాయి. డైమెథికోన్ అలా చెయ్యదు. కానీ క్రీములో మినరల్ ఆయిలో, పెట్రోలాటమో కలిసి ఉంటే అదే నష్టం, జాబితా చూసుకోండి. మూడు నాలుగుసార్లు చేతులు కడిగాక మళ్లీ రాయాలి. ఒట్టి చేత్తో రొయ్య ముట్టే చోట ఏ క్రీమూ రాయకూడదు, గ్లౌజు లోపలే. గోటి చుట్టూ వాచి చీము పట్టినా, తామర ఉన్నా దాని మీద కప్పెట్టవద్దు, ముందు డాక్టరుకి చూపించాలి.

టంగుటూరు, కొండపి పొగాకు పొలాల్లో పచ్చాకు కొట్టేవాళ్లకి ఒక హెచ్చరిక. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, వాంతులు, తల తిరగడం దానివల్లే. ఈ క్రీము రాశాం కదా అని గ్లౌజులు, నిండు చేతుల చొక్కా మానెయ్యకండి. ఆ పని క్రీముది కాదు.

మూడోది జుట్టు సీరమ్. ఇది మంచిదే, వాడే తీరులోనే తేడా. సీరమ్ వెంట్రుక మీద పూత. చిక్కు తీస్తుంది, మెరుపు ఇస్తుంది, దువ్వెన్నకి తెగకుండా కాపాడుతుంది. చిట్లిన కొసల్ని అతికినట్టు చూపిస్తుంది, తలంటుకోగానే మళ్లీ విడిపోతాయి. రాలే జుట్టుని ఆపదు. నడుము దాకా జడ ఉంటే 4, 5 చుక్కలు, భుజాల దాకా ఉంటే 2, 3. అరచేతుల్లో రుద్దుకుని చెవి కింద నుంచి కొసల దాకా, తువ్వాలుతో తుడిచిన తడి జుట్టుకి రాయాలి. మాడుకి తగలకూడదు. ఆరకముందే ఇస్త్రీ పెట్టెలాంటి స్ట్రెయిటనర్ పెడితే పొగలొచ్చి జుట్టు కాలుతుంది. సీరమ్ మండే గుణం ఉన్నది కాబట్టి రాసుకుని వెంటనే పొయ్యి దగ్గరకి పోకండి.

పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లు వాడేవాళ్లకి "సీరమ్ వాడితే జుట్టు చీపురు పుల్లయింది" అన్న ఫిర్యాదు తరచూ ఉంటుంది. తప్పు సీరమ్ ఒక్కదానిదే కాదు. గట్టి నీళ్లలో సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, బకెట్టు అంచున కనిపించేది అదే. తలకి సబ్బు రాస్తే ఆ తెట్టు వెంట్రుకకి పడుతుంది, పైన అమోడైమెథికోన్ లాంటి అంటుకునే సిలికోన్ మరో పొర వేస్తుంది. ఇలా పొర మీద పొర. వారానికోసారి సోడియం లారెత్ సల్ఫేట్ ఉన్న మామూలు షాంపూతో రెండుసార్లు రుద్ది, చివర వాన నీళ్లో, మినరల్ వాటరో ఒక చెంబు పోసుకుంటే వదులుతుంది. కుంకుడు రసం సున్నితమైనది, నెలల తరబడి పేరుకున్న పూతని అది పూర్తిగా తీయలేకపోవచ్చు. హెన్నా పెట్టే ముందురోజు ఈ షాంపూ తలంటు తప్పనిసరి, లేకపోతే రంగు అతుకులు అతుకులుగా పడుతుంది.

జెల్ సన్‌స్క్రీన్ సంగతి క్లుప్తంగా. జిడ్డు లేకుండా, చెమటకి త్వరగా కారకుండా ఉండడానికి ఇందులో సిలికోన్ ఉపయోగపడుతుంది, మైపాడు బీచికి పోయేవాళ్లకి ఇదే మేలు. చిక్కేమిటంటే నున్నగా జారిపోవడంతో శనగగింజంత రాసి చాలనుకుంటారు. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవున పిండాలి, ఎండలో ఉంటే 2 గంటలకోసారి మళ్లీ రాయాలి. రాస్తుంటే రబ్బరుతో చెరిపిన పొట్టులా ఉండలు ఉండలుగా రాలితే కింద రాసిన క్రీము ఆరలేదని అర్థం. 5 నిమిషాలు ఆగి, రుద్దకుండా అద్దండి.

మేకప్ ప్రైమర్ మాత్రం పెళ్లికో, ఫొటోలకో తప్ప రోజువారీ అక్కర్లేదు. గుంటల్ని, రంధ్రాల్ని ఆ పూటకి నింపి చూపిస్తుంది, చర్మానికి చేసే మేలేమీ లేదు. సన్‌స్క్రీన్ ముందు, ప్రైమర్ తర్వాత. పార్లర్‌లో ఫౌండేషన్ వేసే ముందు ప్రైమర్, ఫౌండేషన్ చెరో చుక్క చేతి వెనక కలిపి చూడమనండి. విరిగిన పాలలా విడిపోతే ఆ జంట మొహం మీద కూడా గంటలో చారలు కడుతుంది. రాత్రికి ఒట్టి నీళ్లతో పోదు. దూదికి క్లెన్సర్ అద్ది తుడిచి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగాలి. ప్రైమర్ వాడాక మొటిమలొచ్చాయంటే చాలాసార్లు కారణం ఆ పొర కింద చెమట, దుమ్ము రాత్రంతా ఉండిపోవడమే.

ముహూర్తం వేళకి పెళ్లికూతురి స్టిక్కర్ బొట్టు ఊడి పడడం కూడా ఈ ప్రైమర్ పనే, సిలికోన్ మీద జిగురు పట్టదు. కనుబొమల మధ్య రూపాయి బిళ్లంత మేర ప్రైమర్ రాయకుండా వదిలెయ్యండి. రాసేసి ఉంటే తడి దూదితో తుడిచి, ఆరాక పౌడర్ వెయ్యకుండా బొట్టు పెట్టండి, సాయంత్రం రిసెప్షన్ దాకా ఉంటుంది. స్టిక్కర్ పెట్టే చోట తెల్లమచ్చ మొదలైతే దానికి కారణం ప్రైమర్ కాదు, కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే రసాయనం. వెంటనే స్టిక్కర్ మానేసి డాక్టరుకి చూపించాలి.